తొమ్మిదంకె ఖరీదు

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల కోసం వెళ్ళి నాణేల దగ్గర ఆగిపోయాను. ఒక పెద్దాయన గోనెపట్టా మీద పాత రూపాయలు కుప్ప పోసుకుని కూర్చున్నాడు. అన్నీ జార్జి బొమ్మలే. ఏది తీసుకున్నా ఎనిమిది వందలు, వెండి ధరే అన్నాడు. వేలు పెట్టి కెలుకుతుంటే ఒకదాని మీద 1939 కనబడింది.

నాకు తెలుసు, ఆయనకి తెలీదు. గొడవంతా అక్కడే.

ఎంత పాతదైతే అంత ధర అనుకుంటాం. అదేం కాదు. శాతవాహనుల సీసం, పోటిన్ నాణేలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి, మట్టిలో అవి బోలెడన్ని దొరికాయి కాబట్టి. 1918 నాటి రూపాయికి వందేళ్ళు నిండినా మామూలుగా వెండి ధరకి మించి పెద్దగా పలకదు. మొదటి యుద్ధం రోజుల్లో ఇక్కడ వెండికి కరువొస్తే, అమెరికా తన వెండి డాలర్లు పాతిక కోట్లకి పైగా కరిగించి బ్రిటన్‌కి అమ్మింది. ఆ వెండి ఇక్కడికొచ్చి రూపాయలైంది.

1939ది వేరే కథ. ఆ ఏటి రూపాయల్లో జనం చేతికొచ్చినవి బహు తక్కువ. మరుసటి ఏడే రూపాయిలో వెండిని సగానికి దించేశారు. 1938ది, 1939ది పక్కపక్కన పెట్టి చూడండి: అదే 11.66 గ్రాముల బరువు, అదే వెండి పాలు, అదే రాజుగారి మొహం. ఒక్క అంకె తేడా. ఆ అంకెకే వేలంలో లక్ష దాటి పలికిన సందర్భాలున్నాయి.

అరుదైతే సరిపోదు, స్థితి కూడా బాగుండాలి. దండకి గుచ్చడానికి కొక్కెం అతికించారా, విలువ సగానికి పైగా పోయినట్టే. తోమినా అంతే. సేకర్తలు డబ్బు పెట్టేది ఆ నల్లటి పొరకీ, దాని కింద అరగకుండా మిగిలిన గీతలకీ. నేను ఆ నాణెం పట్టుకోగానే పెద్దాయన, "చింతపండుతో తోమిస్త సార్, తెల్లగ మెరుస్తది" అన్నాడు. "వద్దొద్దు!" అని దాదాపు అరిచాను. ఆయన వింతగా చూశాడు. అప్పుడైనా చెప్పాల్సింది. ఎనిమిది వందలిచ్చి వచ్చేశాను.

ఇంటికెళ్ళాక సాకులు సిద్ధంగా ఉన్నాయి. 1938లో ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసిన దొంగ నాణేలు బజార్లో చాలా ఉన్నాయి, ఇదీ అలాంటిదే కావచ్చు కదా? (కాదని తర్వాత తేలింది.) ఆ అంకెని గుర్తుపట్టడానికి ఏళ్ళ తరబడి కేటలాగులు చదివాను, రెండుసార్లు మోసపోయాను కూడా. ఈ లాభం ఆ చదువుకి కూలి అనుకున్నాను.

కర్తవ్యాల మీద సిసిరో క్రీ.పూ. 44లో రాసిన పుస్తకంలో సరిగ్గా ఈ ప్రశ్న ఉంది. ఒకడు ఇత్తడి అనుకుని బంగారం అమ్ముతున్నాడు. కొనే మంచివాడు అది బంగారమని చెప్పాలా, వెయ్యి చేసేదాన్ని ఒక్క దీనారానికి పట్టుకుపోవచ్చా? స్టోయిక్కుల్లోనే దీని మీద ఒకమాట లేదు. అదే పుస్తకంలో స్కేవొలా అనే ఆయన ఒక పొలం కొంటూ, మీరు చెప్పిన ధర తక్కువ అని లక్ష సెస్టర్షులు ఎక్కువిచ్చాడట. మంచివాడే, తెలివైనవాడు మాత్రం కాదు అన్నారట జనం. రెండు వేల ఏళ్ళు దాటినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఇదే తీర్పు.

కూలి వాదన కొంతవరకే నిలబడుతుంది. చదువుకి కూలి ఉండాల్సిందే, నిజాయితీగల వ్యాపారి కూడా ఏదో కొంత మిగుల్చుకునే కొంటాడు. కానీ నేను తీసుకున్నది మొత్తం. పైగా నా చదువు ఆయన అమాయకత్వం పక్కన ఉంటేనే పనికొచ్చింది. ఇంకో సేకర్త దగ్గర అదే నాణెం దొరికుంటే ఆ చదువుతో రూపాయి కూడా మిగిలేది కాదు.

దాన్ని ఇంకా అమ్మలేదు. అమ్మనంతవరకూ ధర ఎంతో ఖాయం కాదు, ధర ఖాయం కాకపోతే బాకీ ఎంతో తేలదు. ఈ లెక్క నాకు బాగా సౌకర్యంగా ఉంది.

పోయిన నెల మళ్ళీ అటు వెళ్తే గుర్తుపట్టాడు. "వెండి రేటు మస్తు పెరిగింది సార్. మీరు అప్పుడే తీస్కున్నరు, మంచిగైంది" అని నవ్వాడు.

అవును పెద్దాయనా, అన్నాను.