సిగ్గు ఎవరిది?

గోపాలపట్నమున మా పొరుగు గృహస్థుడొకడు, విదేశమున మనశ్శాస్త్రము చదువుచున్న తన కుమార్తె మానవ లైంగిక శాస్త్రమును ఉపపాఠ్యముగా గైకొన్నదని విని, "కన్నెపిల్లకు తగిన చదువా యిది?" యని మాతో మొరపెట్టుకొనెను.

ఈ యాక్షేపణ క్రొత్తది కాదు. స్త్రీలకు శాస్త్రము వలదను వారికి వాత్స్యాయనుడు కామసూత్రముల విద్యాసముద్దేశమున బదులు చెప్పినాడు. కామమును పురుషార్థములలో నెన్నిన మనమే నేడు దానిని గుసగుసలకు విడిచితిమి. కావుననే కీడొనర్చినవాడు నిర్భయముగా తిరుగుచున్నాడు. కీడొందిన బిడ్డకు చెప్పుకొన మాట లేదు. 2012లో పిల్లల రక్షణకై పోక్సో చట్టము వచ్చినది. మాట తెలియని బిడ్డ దాని నెట్లాశ్రయించును? మాట నేర్పవలెనన్న, నేర్పువారు ముందు తాము చదువవలెను.

ఇరువదియేండ్లుగా కుమారసంభవము బోధించుచు, ఎనిమిదవ సర్గ రాగానే పుస్తకము మూసినవారము మేము. సిగ్గుపడవలసినది ఆ యువతి కాదు, మేమే.