ఇన్వాయిస్ రాసేవాడి నిష్కామకర్మ

ఖాజాగూడ గుట్టల్లో ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, అనంత పద్మనాభస్వామి గుడీ ఉంది. చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఏ కంపెనీ బ్యాడ్జీ లేకుండా, సొంతంగా సాఫ్ట్‌వేర్ సలహాలిచ్చి బతికేవాళ్లూ ఉన్నారు. గంటకింత అని లెక్కగట్టే ఈ వృత్తికి, గీత రెండో అధ్యాయం చెప్పే ఫలాపేక్ష లేని కర్మ పొసగుతుందా? పొసగుతుందనే నా వాదన. వదలమన్నది ఫలం మీది ఆసక్తిని, చేసిన పనికి రావలసిన కూలిని కాదు. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టమే అంటుంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. దాన్ని అడగడం లోభం కాదు. క్లయింటు జారిపోతాడన్న భయంతో, అక్కర్లేని క్లౌడ్ మైగ్రేషన్‌కు 'చేసేద్దాం సార్' అని తలూపడమే అసలు ఆసక్తి. ఇరవై ఏళ్లు ఈ పనిలో నిలవాలంటే, 'ఇది మీకు వద్దు' అని చెప్పి ఆ నెల బిల్లు పోగొట్టుకోగలగాలి. మళ్లీ పిలిచేది చాలాసార్లు ఆ మాట గుర్తున్నవాళ్లే.

ఇదంతా కడుపు నిండినవాడి వేదాంతం అనవచ్చు. పోతన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వలేదని చెప్పుకుంటాం. ఆయనకు దున్నుకునే పొలం ఉందనీ ఆ కథే చెబుతుంది. నిజమే. ఐదో తారీఖున ఈఎంఐ ఉన్నవాడి వైరాగ్యం నాలుగో తారీఖుకే కరిగిపోతుంది. అందుకే ఆరేడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడాన్ని నేను ఆశ అనను, సాధనలో భాగమే అంటాను. ఆ నిల్వ ఏడాదికి, రెండేళ్లకు పెరిగినా ఇంకా 'వద్దు' అనే మాట నోట రాకపోతే మాత్రం, పొలం వాదన అక్కడ చెల్లదు.