సాక్సోఫోన్‌కి శీలం ఎవరంటగట్టారు?

ఒక స్త్రీ తెరమీద ఒక్క మాటైనా మాట్లాడకముందే ఆమె ఎలాంటిదో మనకి తెలిసిపోతుంది. చీకటి, సిగరెట్టు పొగ, వానకి తడిసి మెరిసే రోడ్డు, వెనకనుంచి సాగదీసిన సాక్సోఫోన్. ఇక ఆమె ఏం చేసినా మనం ఆశ్చర్యపోం. విచారణ లేకుండా తీర్పు చెప్పటం అన్యాయమని ఒప్పుకునే మనం, సినిమా హాల్లో ఆ పని అంత సుఖంగా ఎలా చేస్తాం?

నేరాల సినిమాకి ఈ వాద్యం మొదటినుంచీ తోడున్నదనుకుంటాం. 1944 నాటి 'డబుల్ ఇండెమ్నిటీ'లో మొగుణ్ణి చంపించే స్త్రీ ఉంది. మిక్లోష్ రోజా దానికి కట్టింది ఆర్కెస్ట్రా సంగీతం. 1974లో 'చైనాటౌన్'లో మూలిగింది ట్రంపెట్. సాక్సోఫోన్ ముద్ర బలపడింది 1976లో 'టాక్సీ డ్రైవర్', 1981లో 'బాడీ హీట్' లాంటివి వచ్చాకే. మొదటిదాంట్లో బెర్నార్డ్ హెర్మన్ సాక్సోఫోన్ ఒంటరి మగవాడి దిగులు. అతను తుపాకి పట్టి మనుషుల్ని చంపినా మన జాలి అతన్ని వదలదు. రెండోదాంట్లో జాన్ బారీ సాక్సోఫోన్ వింటే మనకి గుర్తొచ్చేది ఆడదాని ఒంటి వేడి. ఆమె నేరస్తురాలే గదా అనొచ్చు. నిజమే. కానీ ఆమె భర్తని తన చేత్తో చంపింది ప్రియుడు. అయినా అతను 'పడిపోయినవాడు', ఆమె 'పడేసింది'.

1951లో 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' సినిమాకి ఆలెక్స్ నార్త్ జాజ్ బాణీలో సంగీతం చేశాడు. తనని కొట్టిన భర్త పిలిస్తే స్టెల్లా మెట్లు దిగి వస్తుంది. అక్కడి సంగీతం మరీ కామంగా ఉందని లీజియన్ ఆఫ్ డీసెన్సీ అనే కాథలిక్ సంస్థ అభ్యంతరం చెబితే దాన్ని మార్చేశారు. 1993లో గానీ అసలుది తిరిగి చేరలేదు. మొగుడు కొట్టటం ఆ పెద్దమనుషులకి మింగుడుపడింది. ఆమెకి కోరికుండటం పడలేదు.

మన సినిమాలు గొంతుల్నే పంచేశాయి. కథానాయికకి సుశీల, క్లబ్బు డాన్సర్‌కి ఎల్.ఆర్. ఈశ్వరి. ఆ ఈశ్వరే తమిళంలో అమ్మవారి పాటలకి ఇంటింటా పేరు తెచ్చుకుంది. 2019లో కన్నుమూసిన కద్రి గోపాల్‌నాథ్ ఇదే సాక్సోఫోన్‌ని కర్ణాటక సంగీత కచేరీలో కూర్చోబెట్టాడు. 1994లో 'డ్యూయెట్'లో ఆయన ఊదింది కథానాయకుడి ప్రేమ, వేదన. సాక్సోఫోన్ సిస్టర్స్‌గా పేరుపొందిన లావణ్య, సుబ్బలక్ష్మి దానిమీద కీర్తనలు వాయిస్తారు. చెడు వాద్యంలోనే ఉంటే ఇవన్నీ ఎలా పలికాయి?

మా మార్టూరులో పెళ్లి ఊరేగింపు గుడి ముందుకి రాగానే బ్యాండులోని సాక్సోఫోన్ భక్తి పాట అందుకుంటుంది. సెంటరు దాటాక కుర్రాళ్లు నోట్లిచ్చి క్లబ్బు పాట అడుగుతారు. పాట మారగానే ఆడవాళ్లం నాలుగడుగులు వెనక్కి తగ్గుతాం. ఎవరూ పొమ్మనరు. ఒకసారి నా పక్కన నడుస్తున్న పెద్దామె, మిరపకోతల కూలీ, "ఆ బూరకేం తెలుసమ్మా, ఊదించేవోడి బుద్ధి గానీ" అంది.

అదే పాటని పొద్దుగూకాక హైవే పక్కన ఆటో దిగి నడిచే ఆడపిల్ల వెనక ఈల వేస్తారు. ఆమె బట్టల కొట్లో పనిచేసి వస్తుందో, గ్రానైట్ ఫ్యాక్టరీనుంచి వస్తుందో వాళ్లకి అక్కర్లేదు. తెరమీద రెండు నిమిషాల్లో చెప్పిన తీర్పుని రోడ్డుమీద మోసేది ఆమె. ఈ గొడవంతా ఎందుకని ఇంట్లోవాళ్లు పని మానిపిస్తే పోయేది ఆమె జీతం.

ఆ సంగీతాన్ని కత్తిరించమని నేననను. 1951లో కత్తెర పట్టినవాళ్లూ స్త్రీ కోరికనే కత్తిరించారు. పైగా నాకా సంగీతం ఇష్టం. రాగానికి మనసుని కదిలించే హక్కుంది, మనిషి గురించి సాక్ష్యం చెప్పే హక్కు లేదు. వినేవాళ్లుగా మనం గుర్తుంచుకోవలసింది ఈ తేడానే. అతనిలో విన్న దిగులుని అదే స్వరంలో ఆమెకోసమూ వినాలి. ఆ తర్వాత, ఆమె ఏం చేసిందో చూసి తప్పొప్పులు చెబుదాం, అతనికి చెప్పినట్టే.