ఇన్‌వార్డు సీటు చిన్నది కాదు బిడ్డా

బిడ్డా, నీకు ఇన్‌వార్డు సీటు వేశారని ముఖం చిన్నబుచ్చుకున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. 2023 జూలైలో గ్రూప్-4 రాసి, అన్నాళ్లు ఎదురుచూసి, సంగారెడ్డి మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంటువై, చివరికి టపాలు తీసుకునే బల్ల దగ్గర కూర్చోవడమా అని నీ బాధ. టౌన్ ప్లానింగ్ సీటుకున్న గిరాకీ దీనికి లేదు, నిజమే. కానీ మున్సిపల్ ఫైళ్ల మధ్యే తల నెరిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆఫీసు మెట్లెక్కిన మనిషికి పని మొదలయ్యేదీ, అక్కడే ఆగిపోయేదీ ఆ బల్ల దగ్గరే.

కాగితం పట్టుకొచ్చినవాళ్లను నోటిమాటతో వెనక్కి పంపకు. తీసుకో, నంబరు వెయ్యి, ముద్ర కొట్టు, రసీదు చేతికియ్యి. అర్జీలో ఏదైనా తక్కువైతే ఏం తక్కువైందో రాసియ్యి. ‘రేపు రా’ అన్న మాటకు నంబరు ఉండదు, తేదీ ఉండదు. ఆ మనిషి అసలు వచ్చిందనడానికే రుజువుండదు. నంబరు పడిన కాగితం సెక్షన్ గుమాస్తా పర్సనల్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఇన్ని రోజులు ఎందుకు పెండింగ్‌లో ఉందని మేనేజరు అడగగలుగుతాడు. అర్జీదారు సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. అప్పుడు కూడా మొదట వెతికేది నువ్వు వేసిన నంబరే.

మన పక్క ఊరి సంగతే తీసుకో. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు ఫ్యాక్టరీల కాలుష్యం మీద దశాబ్దాలు పోరాడారు. మురుగు నక్కవాగులో కలిసి బావులూ పొలాలూ పాడైన గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. అలాంటి పోరాటంలో రైతు చేతిలో ఉండే ఆయుధమేమిటి? ‘మేం ఫలానా రోజే చెప్పాం’ అని చూపే ముద్ర పడిన నకలు. ఆ ముద్ర కొట్టేది నీలాంటి గుమాస్తానే.

ఫైలు మూసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఎల్.డిస్. అని రాస్తే ఏడాది తర్వాత చింపేయొచ్చు, ఆర్.డిస్. అంటే ఎప్పటికీ ఉంచాలి. చెరువు శిఖంలో గోడ లేస్తోందని వచ్చిన ఫిర్యాదును ఎల్.డిస్. చేస్తే, పదేళ్లకు నీళ్లు ఇళ్లలోకి వచ్చిన రోజున చూపడానికి ఏమీ మిగలదు. ఎవరు చెప్పినా అలాంటివి తొందరపడి మూయకు.

రేపో మాపో జనన మరణాల సీటు కూడా నీ మీద పడుతుంది. అది వస్తే వద్దనకు. మన దగ్గర పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో బీహార్ నుంచీ, ఒడిశా నుంచీ వచ్చినవాళ్లు ఎందరో. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో కాన్పయితే, వాళ్లు ఎక్కడ కాపురమున్నా, పుట్టిన చోటే నమోదు కావాలి. 21 రోజుల్లో తెలిపితే రుసుము లేదు. ఏడాది దాటిందా, ఆర్డీఓ ఉత్తర్వు దాకా పోవాలి. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి రుజువు ఆ ధ్రువపత్రమే. తండ్రి పేరులో నువ్వు ఒక్క అక్షరం తప్పు కొడితే, ఒడిశాలో ఊరు చేరాక దాన్ని దిద్దించుకోవడానికి ఆయన రైలెక్కి రావాలి, వారం కూలి పోగొట్టుకోవాలి. అందుకే అచ్చు తీసే ముందు ఆధార్ ముందు పెట్టుకుని పేరు పైకి చదివి వినిపించు. నీ హిందీ కాస్త బాగు చేసుకో. వాళ్లు భయపడి తల ఊపుతారు, అర్థమై కాదు. రెండోసారి అడుగు.

2025 జూన్ 30 మరిచిపోలేదు కదా. పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు. పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గర డీఎన్‌ఏ ఫలితాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తల్లులూ, భార్యలూ రోజుల తరబడి కూర్చున్నారు. కొందరి ఆనవాళ్లు దొరకనే లేదు. మరణ ధ్రువపత్రం లేనిదే బీమా కదలదు, పీఎఫ్ కదలదు. భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆడకూతురిని ‘ఇది మా పరిధి కాదమ్మా’ అని మాత్రం అనకు. పరిధి కాకపోతే ఏ ఆఫీసో, ఎవర్ని కలవాలో, ఏమేం పట్టుకెళ్లాలో తెల్లకాగితం మీద రాసియ్యి. నీకు ఐదు నిమిషాలు, ఆమెకు రెండు రోజులు.

చాయ్ పైసలని కొందరు బల్ల మీద పెడతారు. మొదటిసారే వెనక్కిచ్చెయ్. నవ్వుతూ ఇవ్వు, కోపంతో వద్దు. పాపం, అడక్కపోయినా ఇవ్వాలేమోనని భయంతో ఇచ్చేవాళ్లే ఎక్కువ. పక్క సీటువాళ్లు నిన్ను వింతగా చూస్తారు, చూడనీ.

మధ్యాహ్నం అన్నం మానకు. మార్చిలో ఆస్తి పన్ను రద్దీ, ఏప్రిల్‌లో ఐదు శాతం రాయితీ రద్దీ, రెంటిలోనూ మనుషులు నీ మీద అరుస్తారు. ఆకలితో ఉన్నప్పుడు నువ్వూ అరుస్తావు.

సోమవారం చార్జి తీసుకునేటప్పుడు పాత రిజిస్టరు పేజీ పేజీ తిప్పి చూడు. నంబరు వేసి వివరాలు రాయకుండా ఖాళీగా వదిలిన వరుసలుంటాయి. రేపు ఎవరైనా వెనక తేదీతో కాగితం దూర్చేది అక్కడే. ఒక్కోదాన్నీ కొట్టేయించి, ఇచ్చేవాళ్ల సంతకం తీసుకుని, చివరి నంబరు కింద గీత గీసి నీ సంతకం పెట్టు. వాళ్లు విసుక్కున్నా ఆగు. అది అయ్యేదాకా అల్మారా తాళాలు తీసుకోకు.