ఇంటిమాటలో విన్నపము

పురాణ ప్రవచనము ముగిసిన పిమ్మట వృద్ధస్త్రీలు తఱచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. "శాస్త్రులుగారూ, మాకు సంస్కృతం రాదు. శ్లోకం చదివితే తప్పులు దొర్లుతాయి. ఇంటిమాటల్లో మొక్కుకుంటే స్వామికి చేరుతుందా?"

ఈ భయమునకు మూలము లేకపోలేదు. త్వష్ట ఇంద్రునిపై పగతో హోమము చేయుచు 'ఇంద్రశత్రు' శబ్దమును స్వరము తప్పి యుచ్చరించెననియు, ఇంద్రుని చంపువాడను నర్థము పోయి ఇంద్రునిచే చంపబడువాడను నర్థము వచ్చుటచే వృత్రుడు హతుడయ్యెననియు పెద్దలు చెప్పుదురు. అది వేదమంత్రమునకు, యజ్ఞకర్మకు సంబంధించిన కట్టడి. అచ్చట సడలింపునకు నేనును ఒప్పుకొనను. కాని యాగశాలలోని కట్టడిని తెచ్చి, పెరటి తులసికోట ముందు దీపము పెట్టు ముసలమ్మ నోటికి తాళము వేయుట శాస్త్రము కాదు.

వ్యాకరణమునకు తలమానికమైన మహాభాష్యమునే చూతము. ఒక వైయాకరణుడు రథమును చూచి, దీనికి 'ప్రవేత' యెవరని యడిగెనట. నేనే 'ప్రాజిత'నని సారథి బదులిచ్చెను. రెండు మాటలకును తోలువాడనియే యర్థము. ప్రాజిత యనుట అపశబ్దమని పండితుడు త్రోసిపుచ్చెను. తమకు సూత్రము తెలిసినది గాని యిష్టమైన రూపము తెలియలేదని సారథి యనెను. పతంజలి గెలుపును సారథికే యిచ్చెను. వ్యాకరణము చదివిన మాబోంట్లు ఈ కథను సులువుగ మఱతురు!

తిరుమలలో ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము కలదు. తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1424లో సంకీర్తనరచన ప్రారంభించి 1503 వఱకు సాగించిరి. వారు సంస్కృతము రానివారు కారు. ఆ భాషలోను సంకీర్తనలు పాడిరి. సంకీర్తనలక్షణమును సంస్కృతముననే రచించిరి. దాని మూలము లభింపలేదు, మనుమడు చిన తిరుమలాచార్యులవారి తెనుగుసేత మాత్రము మిగిలినది. అట్టివారు స్వామి నూయల నూపుటకు జోలపాట పట్టిరి. వడ్లు దంచు స్త్రీల సువ్విపాట, పల్లెపడుచుల గొబ్బిపాట పట్టిరి. ఆ నోళ్ళలోని మాటలను వ్యాకరణపు జల్లెడ పట్టలేదు. లాక్షణికులు గ్రామ్యములని త్రోసిన రూపములు వారి పదములలో కొల్లలు. ఆ మాటలే రాగిరేకుల కెక్కి, శ్రీవారి యాలయములోనే సంకీర్తన భాండాగారమున నిలిచినవి. ఆ రేకుల పరిష్కరణమునకు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పండితులు శ్రమించిరి.

ఇక వ్రాత మాట. రామకోటి వ్రాయు తల్లులు మన యూళ్ళలో నెందఱో కలరు. కొందఱు రెండేండ్లు బడికి పోయినవారు. మఱికొందఱు మనుమల పలక మీద అక్షరములు దిద్దుకొని మొదలు పెట్టినవారు. పుస్తకములు నిండిన పిదప భద్రాచలమునకు కొనిపోయి సమర్పింతురు. వారి వ్రాతలో 'శ్రీరామ' యొక్కొకయెడ 'సీరామ' యగును. చదువుకొన్న మనుమలు చూచి నవ్వుదురు. ఆ నవ్వు విని పుస్తకమును పెట్టెలో దాచి, మఱి తీయనివారిని నేనెఱుగుదును. నవ్వినవారికి పోయిన దేమియు లేదు, అచ్చట జపమాగిపోయినది.

ఇంటి పిల్లలారా, 'శ్రీ' యెట్లు వ్రాయవలెనో ప్రక్కన కూర్చుండి ఒకసారి మెల్లగ చూపుడు. చేయి తిరిగిన మేలు, తిరుగనిచో ఊరకుండుడు. నిండిన పుటలను ఎఱ్ఱసిరాతో దిద్దకుడు. మరుసటి పుస్తకము తెచ్చునపుడు గళ్ళు పెద్దవిగ నున్నది చూచి తెండు. చత్వారపు కన్నులకు చిన్నగళ్ళు ఆనవు.