తండ్రికి అప్పగించి వచ్చాను



నేను కొత్తగా గురువునైన రోజుల్లో, వేరొక విచారణలో, ఒక సాయంకాలం పూజ ముగిశాక పదహారేళ్ల కుర్రవాడు గుడి మెట్ల మీద కూర్చుండిపోయాడు. అందరూ వెళ్లిపోయినా లేవలేదు. దగ్గరకు వెళ్తే చొక్కా చేయి పైకి లాగి బెల్టు వాతలు చూపించాడు. "ఇవాళ ఇంటికొస్తే చంపేస్తానన్నాడు ఫాదర్" అన్నాడు. నేనేం చేశానో మీరు ఊహించగలరు. నాలుగవ ఆజ్ఞ గుర్తు చేసి, చేయి పట్టుకొని తీసుకువెళ్లి తండ్రికి అప్పగించాను. ఆయన నాకు కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు. మందలిస్తే తలాడించాడు. మంచి పని చేశాననుకుంటూ తిరిగి వచ్చాను.

ఆ రాత్రి పిల్లవాడికి మునుపటికంటె ఎక్కువ దెబ్బలు పడ్డాయి, నాకు చెప్పినందుకు. వారం తరువాత తల్లి చెబితే తెలిసింది.

బిడ్డ తన తల్లిదండ్రుల మీద చట్టాన్ని ఆశ్రయిస్తే అది వారిని అగౌరవపరచడమా? సెమినరీలో మేము చదువుకున్న పునీత తోమా అక్వినాసు, వివేకం వచ్చేదాకా బిడ్డ తల్లిదండ్రుల సంరక్షణలో ఉండడాన్ని గర్భంలో ఉండడంతో పోల్చారు. తండ్రి దండించవచ్చునని కూడ ఆయన అన్నారు, దాచను. అయితే ఆ దండన దిద్దుబాటు కొరకే. "చంపేస్తాను" అనే మాటలో దిద్దుబాటు ఎక్కడున్నది? 1891లో 13వ లియో పోపుగారు 'రేరుం నొవారుం' లేఖలో, ప్రభుత్వం ఇష్టం వచ్చినట్లు ఇళ్లలోకి చొరబడడం పెద్ద పొరపాటన్నారు. మనం అంతవరకే చదివి పుస్తకం మూసేస్తాం. ఇంట్లో ఒకరి హక్కును మరొకరు ఘోరంగా భంగపరిస్తే అధికారులు కలుగజేసుకోవాలనీ, అది హక్కులను హరించడం కాదు, కాపాడడమనీ ఆ వెంటనే వ్రాశారు.

మన నాగోలుకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, ఎల్.బి.నగర్‌లో, 2015 జూలైలో ఒళ్లంతా గాయాలతో ఉన్న 19 ఏళ్ల అమ్మాయిని పోలీసులు ఇంటినుండి విడిపించారు. నిందితులు కన్నతండ్రి, సవతితల్లి. హైకోర్టు తనంత తానుగా కేసు చేపట్టింది. నాటి ముఖ్యమంత్రి ఆస్పత్రికి వెళ్లి ఆమె బాధ్యత తీసుకున్నారు. తరువాత ఆ అమ్మాయి నర్సింగ్ చదివింది. సంతోషమే. కాని ఒంటినిండా గాయాలైనదాకా, ముఖ్యమంత్రి వచ్చేదాకా ఆగవలసిన పని లేదు. పద్దెనిమిది నిండినందున బాలల చట్టం ఆమెకు వర్తించదు, నిజమే. కాని 2005 నాటి గృహహింస చట్టం అమలులోకి వచ్చి అప్పటికే తొమ్మిదేళ్లు కావస్తున్నది. అది కోడళ్ల కోసమే అనుకుంటాం. కూతురూ ఆశ్రయించవచ్చు. దెబ్బ పడక ముందే, పడే అవకాశం ఉన్నా, మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆమె తరఫున పొరుగువారెవరైనా రక్షణాధికారికి తెలుపవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు.

"తండ్రిని జైల్లో పెట్టిస్తే ఇల్లెలా గడుస్తుంది?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన భయమే. అయితే రక్షణ ఉత్తర్వంటే జైలు కాదు. కొట్టవద్దు, బెదిరించవద్దు అనే ఆజ్ఞ. దాన్ని మీరితేనే నేరం. పద్దెనిమిది లోపువారికి 1098 ఉన్నది, జిల్లా బాలల సంక్షేమ సమితి ఉన్నది. ఆ సమితి ముందుకు బిడ్డ తనంత తానే వెళ్లవచ్చు. ఆడవారికీ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం చెప్పిన మాట ఇది. ఇక పద్దెనిమిది దాటిన మగపిల్లవానికి గృహహింస చట్టం వర్తించదు, పోలీసుస్టేషనే దారి. ఇది లోపమేనని నా అభిప్రాయం. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు తండ్రి బెల్టుకు భయపడడని చట్టం చేసినవారు అనుకున్నారేమో.

ఈ మధ్య మా గుడి ఆఫీసు గోడమీద పూజావేళల క్రింద రెండు నంబర్లు వ్రాయించాను: పిల్లల సహాయానికి 1098, న్యాయ సహాయానికి 15100. ఒక పెద్దాయన చూసి, "పిల్లలను మనమే రెచ్చగొట్టినట్లవదా ఫాదర్?" అని అడిగారు. ఆయనను కూర్చోబెట్టి ఆ గుడి మెట్లమీది కుర్రవాడి సంగతి చెప్పాను.