సూక్తి – సందర్భము

రోమునగర పరిసరమున లాటియమ్ సీమయందు పుట్టిన లాటిన్ భాష నేడు ఎవ్వరికిని మాతృభాష కాదు. అయినను దాని సూక్తులు లోకమును విడిచిపోలేదు. న్యాయస్థానములందు, విద్యాపీఠముల ముద్రికలపై, ఉపన్యాసకుల నోట అవి నేటికిని వినబడుచున్నవి. అర్థము తెలిసి పలుకువారు కొందరు; గాంభీర్యము కొరకు పలుకువారు పెక్కుమంది. సంస్కృతమునకును ఈ భాగ్యము, ఈ దౌర్భాగ్యము రెండును కలవు. పెద్దల మాటను ప్రమాణముగా చూపువాడు, ఆ పెద్దలు నిజముగా ఏమి చెప్పిరో తెలిసికొన బద్ధుడా, కాడా? ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. సత్యవ్రతమునకు సంబంధించిన ప్రశ్న.

"వోక్స్ పోపులీ, వోక్స్ డేయీ" అను వాక్కును చూడుడు. ప్రజల గొంతే దేవుని గొంతని దాని అర్థము. సభలలో దీనిని ఉదాహరించువారు ఏ ప్రాచీన మహనీయుడో దీనిని విధివాక్యముగా శాసించెనని తలంతురు. క్రీ.శ. 798 ప్రాంతమున ఆల్క్విన్ అను విద్వాంసుడు ఫ్రాంకుల రాజగు షార్లమేన్‌కు వ్రాసిన లేఖలో ఈ మాట కనబడుచున్నది. అచట ఆయన చెప్పినదేమి? అట్లు పలుకుచుండువారి మాట వినవలదనియు, మూక యొక్క అలజడి ఎల్లప్పుడును ఉన్మాదమునకు చేరువలోనే యుండుననియు రాజునకు హితవు చెప్పెను. ఖండించుటకై ఎత్తుకొన్న వాక్యము నిలిచినది, ఖండనము రాలిపోయినది. శ్రీభాష్యమున మహాపూర్వపక్షమును మాత్రము చదివి, గ్రంథము మూసి, ఇదియే భగవద్రామానుజుల సిద్ధాంతమని చాటువానిని ఏమనవలెనో వైష్ణవ గృహములలో వేరుగా చెప్పనక్కరలేదు. ఆల్క్విన్ అభిప్రాయము ఒప్పా, తప్పా యనునది వేరొక చర్చ. ప్రజల మాటకు విలువ ఈయవలెనని తలంచువాడు దానిని తన మాటగా చెప్పవచ్చును, కారణములు చూపవచ్చును. పూర్వులు త్రోసిపుచ్చినదానిని తెలిసియు వారి నోటనే పెట్టుట మాత్రము కూటసాక్ష్యము.

అట్లని, అర్థము మారినపుడెల్ల దోషమే యనవచ్చునా? అదియు సాహసమే. క్రీ.పూ. 163లో రోమున ప్రదర్శింపబడిన టెరెన్స్ కవి ప్రహసనమొకటి కలదు. కుమారుని ఇల్లు వెడలునట్లు చేసితినను పశ్చాత్తాపముతో మెనెడీమస్ అను వృద్ధుడు పొలమున తన్ను తాను హింసించుకొనుచు పాటుపడుచుండును. పొరుగువాడగు క్రెమెస్ కారణమడుగగా, పరుల పనులు విచారించునంత తీరిక నీకున్నదా యని అతడు ప్రశ్నించును. తాను మనుష్యుడు గనుక మనుష్యులకు సంబంధించినదేదియు తనకు పరాయిది కాదని క్రెమెస్ బదులు పలుకును. ప్రసిద్ధమైన సూక్తి ఇదియే. తన కొడుకు ఏమి చేయుచున్నాడో యెరుగనివాడు పొరుగింటివానికి నీతులు చెప్పుటలోనే అచటి హాస్యమంతయు నున్నది. అయినను, రెండు శతాబ్దములకు పిదప సెనెకా అను తత్త్వవేత్త ఆ మాటనే యెత్తుకొని, మానవులందరును ఒకే మహాశరీరమున అవయవములని బోధించెను. ఇచట సూక్తి చెడలేదు, పెరిగినది. సెనెకా తన మతమును కవికి అంటగట్టలేదు. దానిని కారణములతో తానే నిలిపి, కవి మాటను తోడు తెచ్చుకొనెను.

ఆరోగ్యశరీరమున ఆరోగ్యమనస్సు అను మాటకు పట్టిన గతి వేరు. జువెనల్ తన పదవ వ్యంగ్యకావ్యమున, మనుష్యులు దైవమును వేడు అధికారము, దీర్ఘాయువు, సౌందర్యము వారినే చెరచుటను చూపి, వేడక తప్పదన్నచో ఈ రెంటిని వేడుకొనుడనెను. వ్యాయామమును పొగడువారి నోట ఆ ప్రార్థన, దేహము బలిసినచో బుద్ధి తానే బాగుపడునను హామీగా మారినది. 1977లో జపానునందలి ఒక పాదరక్షల సంస్థ ఆ మాట రూపాంతరములోని మొదటి అక్షరములు కూర్చి ఆసిక్స్ అని పేరు పెట్టుకొన్నది.

తెగిన మాటలన్నియు ప్రాణము కోల్పోవునని కాదు. భారత రాజ్యాంగపు 32వ, 226వ అధికరణములలో "హెబియస్ కార్పస్" అను లాటిన్ పేరే నిలిచియున్నది. బంధితుని దేహముతో ఎదుట నిలుపుమని దాని తాత్పర్యము. అవి పాత ఆజ్ఞాపత్రములోని ఒకటి రెండు మాటలే. కాని మిగిలిన భాగము, అనగా ఇతనిని ఏ కారణమున నిర్బంధించితివో చెప్పుమనునది, న్యాయస్థానపు ఆచరణలో తెగక నిలిచినది. కొడుకును ఎచటికి గొనిపోయిరో తెలియని తల్లి ఉన్నత న్యాయస్థానపు మెట్లెక్కునపుడు ఆమెకు లాటిన్ రానక్కరలేదు. బదులు చెప్పవలసినవాడు నిర్బంధించినవాడు.